పులి చెంప ఎందుకు పగిలింది

(విజయనగరంలో పిల్లల వేసవి శిబిరం చివరి రోజున, కాగితం గుజ్జు బొమ్మలు నేర్పిన రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఈ ఫ్యాను చప్పుడుకి వెనకాల వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. మొహమాటం వద్దు, నేను ముప్పై ఏళ్లు క్లాసులో అరిచినదాన్నే.

ముందు ఈ బల్ల మీద ఉన్నది చూడండి. పులి తల. పోయిన దసరాకి పులివేషం వేసే పిల్లల కోసం చేశాను. ఇక్కడ ఎడమ చెంప మీద చిన్న పొంగు ఉంది చూశారా? ఆ పొంగు మీద అడ్డంగా పగులు, గోరు దూరేంత. ఇది ఎందుకు పగిలింది? చెప్పండి, చెప్పండి. ఎండలో పెట్టేశారు అంటున్నాడు బాబు. మందం ఎక్కువైపోయింది అంటోంది ఆ అమ్మడు. ఎవరో కింద పడేశారు అంటున్నారు అక్కడ. మా ఇంట్లోనూ అదే అన్నారు, కాకపోతే ఎవరు పడేశారో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. సరే, నాకూ ఒక అంచనా ఉంది. చెవి దగ్గర గుజ్జు పెద్ద ముద్ద పెట్టాను. అది ఆరుతూ ఆరుతూ చెంపని లాగేసి ఉంటుందని నా అంచనా. ఎవరిది నిజమో నాకూ తెలీదు. చివర్లో దీన్ని కోసి చూద్దాం. ఇదిగో హ్యాక్సా బ్లేడు, ఇక్కడే పెడుతున్నాను.

నన్ను పిలిచినప్పుడు "మీ మంచి బొమ్మలు పట్టుకురండి మేడమ్" అన్నారు. మంచి బొమ్మలు తెస్తే ఏమవుతుంది? బాగున్నాయి అంటారు, ఫోటో తీసుకుంటారు, ఇళ్లకెళ్లిపోతారు. అందుకని చెడిపోయినవి తెచ్చాను. ఆటో నిండా చెడిపోయినవే. ఆటో అబ్బాయి "ఇవన్నీ చెత్తకుప్పలో పడేయడానికా మామ్మా?" అని అడిగాడు. కాదు బాబూ, ఉపన్యాసానికి అన్నాను. వాడికి ఇంకేం అడగాలో తెలీలేదు పాపం.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. బొమ్మ పగిలిన రోజు వేరు, తప్పు చేసిన రోజు వేరు. వంటలో ఉప్పెక్కువైతే అప్పుడే తెలిసిపోతుంది. నోట్లో పెట్టుకుంటే చాలు. కాగితం బొమ్మలో అలా కాదు. సోమవారం చేసిన తప్పు రెండు వారాలు పోయాక కనిపిస్తుంది. ఒక్కోసారి వానాకాలం వచ్చేదాకా కనిపించదు. అప్పటికి మనం సోమవారం ఏం చేశామో మర్చిపోతాం. మర్చిపోయి పగులు మీద పుట్టీ రాసేసి, రంగు వేసేసి, మళ్లీ అదే బొమ్మ అదే తప్పుతో చేస్తాం. నేను చాలా ఏళ్లు అలాగే చేశాను. పుట్టీకి పెట్టిన డబ్బుతో ఒక గేదెని కొనుక్కోవచ్చు.

మీలో పల్లెటూరి వాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మీ ఇళ్లల్లో మెంతుల బుట్ట చూశారా? పాత కాగితాలు నానబెట్టి, నానిన మెంతులు రుబ్బి, రెండూ కలిపి రోట్లో దంచి వెదురుబుట్టకి లోపలా బయటా మెత్తేవారు. పిండి, బియ్యం, వడియాలు, అన్నీ అందులోనే. మా మామ్మ చేసేది, గజపతినగరం దగ్గర మా ఊళ్లో. మెంతుల జిగురే ఆవిడ ఫెవికాల్. కొందరు చింతపిక్కల పిండి కలిపేవారు. చేదుకి పురుగు రాదని మా మామ్మ నమ్మకం. నేను డ్రాయింగు కోర్సులో "పేపర్ మాషే" అనే మాట మొదటిసారి విన్నప్పుడు అదేదో కొత్త విద్య అనుకున్నాను. ఫ్రెంచి మాట, నమిలిన కాగితం అని అర్థం. సెలవులకి ఇంటికొచ్చి మామ్మకి గొప్పగా చెప్పాను. ఆవిడ బుట్ట తిప్పి అడుగు చూపించింది. "ఇదేటే గుంటా మరి?" అంది. అంతే.

ఆవిడ ఇంకో మాట కూడా అనేది. నేను తొందరపడి బుట్టకి రెండో పూత వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "పైన ఆరితే ఏటి, కడుపులో పచ్చుంది" అనేది. ఆ మాట విన్నాను గాని చెవికెక్కించుకోలేదు. చెవికెక్కడానికి ఒక ఏనుగు కావలసొచ్చింది.

ఆ ఏనుగు కథ చెప్తాను. ఇక్కడివాళ్లందరికీ సిరిమాను తెలుసు, పైడితల్లి అమ్మవారి పండగ. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ముందు తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార, జాలరి వల, అన్నీ నడుస్తాయి, వెనకాల పూజారి కూర్చునే మాను. మా స్కూల్లో పిల్లలు పోటీ కోసం ఆ ఊరేగింపు మొత్తం బొమ్మలుగా చేద్దామన్నారు. తెల్ల ఏనుగు నా వాటాకి వచ్చింది. నాలుగడుగుల ఏనుగు. చేతిలో ఉన్నది పన్నెండు రోజులు. ఆశ్వయుజ మాసం, తుపాన్ల కాలం, సముద్రం ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు, గాలిలో ఎప్పుడూ తడే. ఇవన్నీ ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు నా లెక్కలో పన్నెండు రోజులు తప్ప ఏమీ లేదు.

అస్థిపంజరానికి ఏం వాడాను? ఇంటి పని జరుగుతోంది కదా అని, మేస్త్రి దగ్గర కట్టుతీగ అడిగి తెచ్చాను. ఇనప చువ్వలు కట్టడానికి వాడతారే, నల్లటిది, ఆ తీగ. చేత్తో వంగుతుంది, ఊరికే వచ్చింది. దాని మీద పేపర్లు నలిపి కట్టాను, పైన గుజ్జు పట్టించాను. ఎంత మందం? ఇంత. రెండంగుళాలు. ఒక్కసారే. పల్చగా పూతలు వేసుకుంటూ పోతే పన్నెండు రోజుల్లో అవ్వదు కదా మరి! మూడు రోజుల్లో పైన గట్టిపడింది. వేలితో కొడితే టకటక అంది. ఆరిపోయింది అనుకున్నాను. తెల్ల రంగు రెండు కోట్లు వేసేశాను. ముచ్చటగా ఉంది. హెడ్మాస్టారు కూడా మెచ్చుకున్నారు, ఆయన మామూలుగా దేన్నీ మెచ్చుకోరు.

పోటీకి రెండు రోజుల ముందు వీపు మీద బెల్లం రంగు మచ్చ ఒకటి వచ్చింది. ఎవరో టీ ఒలకబోశారని పిల్లల్ని తిట్టాను. మళ్లీ తెల్ల రంగు వేశాను. మర్నాటికి అదే చోట మళ్లీ వచ్చింది, కాలి దగ్గర ఇంకొకటి. ఏమిటది? తుప్పు. లోపల పచ్చి గుజ్జులో తీగ తుప్పు పట్టి, ఆ తుప్పు నీరు కాగితం పట్టుకుని పైకి పాకింది. నల్ల ఏనుగైతే కనపడేది కాదు. నా ఖర్మకి అది తెల్ల ఏనుగు. పోటీ రోజున జడ్జీలు వచ్చారు. ఒకాయన వంగి తొండం చూస్తున్నారు. అది ఆయన కళ్ల ముందే మెల్లగా, చాలా మెల్లగా, కిందకి దిగిపోయింది. నమస్కారం పెట్టినట్టుగా. ఆయన కూడా తిరిగి నమస్కారం పెట్టారు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

ఇంటికి తెచ్చి కోపంగా కొడవలితో నరికాను. నేర్చుకుందామని కాదు, నిజం చెప్పాలి కదా, కసితో నరికాను. లోపల ఏముంది? రంగు కింద అరంగుళం మందాన గట్టి పెంకు. దాని కింద పచ్చిగా, నల్లగా, పుల్లటి వాసనతో గుజ్జు. బూజు. నేను వేసిన తెల్ల రంగు మూత పెట్టేసినట్టయింది, లోపలి తడికి బయటికొచ్చే దారి లేదు. తొండం బరువు మోయాల్సిన చోట తీగ ఒక్క వరసే, అది కూడా సగం తినేసి ఉంది. తప్పు మొదటి రోజున తీగ తెచ్చుకున్నప్పుడు జరిగింది, రెండో రోజున ముద్ద పెట్టినప్పుడు జరిగింది, ఐదో రోజున రంగు వేసినప్పుడు జరిగింది. నేనేమో పదో రోజున పిల్లల్ని తిడుతున్నాను.

ఆ రోజు నుంచి చెడిపోయిన ఏ బొమ్మనీ పారేయలేదు. కోస్తాను. నిలువునా కోసి లోపల చూస్తాను. మా ఆయన దీన్ని పోస్టుమార్టం అంటారు. అననివ్వండి.

ఇప్పుడు ఆరడం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. రంగులూ కళ్లూ మీసాలూ మీరు ఎలాగైనా నేర్చుకుంటారు. కాగితం బొమ్మలో సగం పని మనం చెయ్యం, గాలి చేస్తుంది. దాన్ని పని చేసుకోనివ్వాలి. గుజ్జు పూత పావంగుళం మించకూడదు. అది పూర్తిగా ఆరాక రెండోది. ఆరిందని ఎలా తెలుస్తుంది? టకటక శబ్దాన్ని నమ్మకండి, నన్ను మోసం చేసింది అదే. బొమ్మని చెంపకి ఆనించండి. ఇలా. చల్లగా తగిలిందా, లోపల ఇంకా నీరుంది. ఆవిరైపోతున్న నీరు చల్లదనం ఇస్తుంది, కుండలో నీళ్లు చల్లబడినట్టే. గది ఎంత వేడిగా ఉందో బొమ్మా అంతే ఉంటే ఆరినట్టు.

ఇంకా గట్టి లెక్క కావాలంటే తూచండి. నేను వంటింటి తక్కెడ వాడతాను. ఈ నోటుబుక్కులో ఒక నెమలి ఉంది, చదువుతాను. మొదటి రోజు 1,150 గ్రాములు. మూడో రోజు 700. ఐదో రోజు 560. ఆరో రోజు 555. ఏడో రోజు 555. తూకం తగ్గడం ఆగిపోయింది, అంటే పోవాల్సిన నీరు పోయింది. అప్పుడు రంగు. ఐదో రోజున చేత్తో చూస్తే ఎండినట్టే ఉంది, ఇంకా ఐదు గ్రాములుంది లోపల. ఐదు గ్రాములేనా అంటారేమో. బూజుకి అది చాలు.

అలాగని మండుటెండలో పెట్టేయొద్దు. ఎండ తగిలిన వైపు ముందు ఆరి ముడుచుకుపోతుంది, రెండో వైపు ఇంకా పచ్చిగా ఉంటుంది. బొమ్మ వంకరపోతుంది. అప్పడాలు చూడలేదా మీరు? మొదటి రోజు నీడలో, గాలికి. రెండో రోజు నుంచి ఎండ. మధ్యమధ్యలో తిప్పుతూ ఉండాలి.

అడగమ్మా, ఏమిటి? ఉప్పు. మంచి ప్రశ్న. లైలో ఉప్పు వేస్తే బూజు పట్టదని వీడియోల్లో చెప్తున్నారు, నిజమేనా అని అడుగుతోంది. లై అంటే తెలీనివాళ్లకి: కప్పు మైదాకి ఐదు కప్పుల నీళ్లు పోసి, ఉండ కట్టకుండా కాచే జిగురు, సినిమా పోస్టర్లు అంటించేది. ఉప్పు బూజుని ఆపుతుంది, ఆ మాట నిజమే. నేనూ వేశాను, రెండు చెంచాలు. వేసవి అంతా బాగుంది. శ్రావణం వచ్చేసరికి బొమ్మ చెమట పట్టింది. మన ఊళ్లో వానాకాలం ఉప్పుడబ్బా తీసి చూడండి, ముద్దయిపోయి నీరు కారుతూ ఉంటుంది. గాలిలో తడిని లాక్కుంటుంది ఉప్పు. అది బొమ్మ ఒంట్లో ఉంటే అక్కడా అదే పని చేస్తుంది. వీడియో చేసినాయన పొడి ఊళ్లో ఉండి ఉంటాడు. ఆయన తప్పు చెప్పలేదు, ఆయన ఊరికి ఒప్పు చెప్పాడు. నేను ఇప్పుడు ఉప్పు వెయ్యను, లై ఏ రోజుకి ఆ రోజే కాస్తాను. పుస్తకాలు బైండు చేసేవాళ్లు మైలుతుత్తం కలిపేవారు, పురుగు రాదు. కాని అది విషం. పిల్లల చేతులు నోట్లోకి వెళ్తాయి. వద్దు, ఆ మాటే వద్దు.

వానాకాలం అంటే గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12. చిన్నపిల్లలకి గుర్తుండదు, పెద్దవాళ్లు ఎవరూ మర్చిపోలేరు. మా పెంకుటింటి మీద సగం పెంకులు లేచిపోయాయి, కరెంటు లేదు, మూడు రోజులు అన్నీ తడే. అటక మీద నా బొమ్మలు ఇరవై దాకా ఉండేవి. అన్నిటికీ వార్నిష్ వేశాను, ఏమీ కాదనుకున్నాను. దింపి చూస్తే చాలావాటికి పైన మెరుపు అలాగే ఉంది, కిందనుంచి పీల్చుకుని మెత్తగా కూలబడిపోయాయి. ఎందుకంటే అడుగున వార్నిష్ వేయలేదు. అడుగు ఎవరు చూస్తారు? నీళ్లు చూశాయి. ఒక్క కుందేలు బాగా బతికింది. దానికి మాత్రం అడుగున కూడా వేశాను. తెలివితో కాదు, వార్నిష్ డబ్బాలో కాస్త మిగిలితే పారబోయడం ఎందుకని వేశాను.

గుజ్జు సంగతికి వద్దాం. మిక్సీలో మెత్తగా వేస్తే బొమ్మ నున్నగా వస్తుంది అనుకుంటాం. కొబ్బరి చట్నీలాగ చేశాను ఒకసారి. మోటారు కాలిన వాసన వచ్చింది, ఇంట్లో గొడవ అయింది, అది పక్కన పెట్టండి. బొమ్మ నున్నగానే వచ్చింది, కాని బిస్కెట్టులాగ విరిగింది. ఇదిగో ఆ బాతు మెడ, చూడండి, విరిగిన చోట పీచు అనేదే లేదు. కాగితానికి బలం పీచులోనే ఉంది. ఒక పీచు ఇంకో పీచుని పెనవేసుకుంటేనే గట్టి. న్యూస్‌పేపరు పీచు ముందే పొట్టిది. దాన్ని మళ్లీ మిక్సీలో ముక్కలు చేస్తే ఇక పట్టుకోవడానికి ఏముంటుంది? రాత్రంతా నానబెట్టి చేత్తో పిసకండి, రోట్లో దంచండి. కోడిగుడ్ల అట్టలు దొరికితే ఇంకా సుఖం, ఇట్టే నానిపోతాయి. నున్నదనం తర్వాత సుద్దపూతతో వస్తుంది, గరుకు కాగితంతో వస్తుంది.

మనకి ఇంకో అదృష్టం ఉంది, గోగునార. ఈ జిల్లాలో నెల్లిమర్ల వైపు వెళ్లేవాళ్లకి జూట్ మిల్లు తెలుసు కదా. నార తెచ్చి గుజ్జులో కలిపితే బలం అనుకున్నాను. బానే ఉంది. కాని తెచ్చిన నార తెచ్చినట్టు, జానెడు పొడుగున వేసేశాను. గుజ్జు ఉండలు కట్టింది, ఆరాక నార అంతా పైకి లేచింది. చేసింది ఏనుగు పిల్ల, అయింది ఎలుగుబంటి. పిల్లలకి తెగ నచ్చేసింది, అది వేరే సంగతి. ఇప్పుడు అరంగుళం ముక్కలుగా కత్తిరించి, గుప్పెడంటే గుప్పెడే వేస్తాను. చెవులకి, కాళ్లకి, తోకకి, విరిగే చోట్లకి.

అచ్చు గురించి రెండు మాటలు. బెలూను మీద ముసుగులు చేసినవాళ్లు ఈ శిబిరంలోనే ఉన్నారు, మొహాలు చూస్తే తెలిసిపోతోంది. సాయంత్రం ఉబ్బుగా ఉన్న బెలూను తెల్లారేసరికి మెత్తబడిపోయింది కదా? లోపల గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, పచ్చి కాగితం దాంతో పాటే ముడతపడుతుంది. ఎండలో పెడితే ఉబ్బి టప్‌మని పేలిపోతుంది. నేను బెలూను మానేసి, గుమ్మడికాయ చేద్దామని మట్టికుండ తీసుకున్నాను. గట్టిది కదా, ముడుచుకోదు కదా! చుట్టూ, మూతితో సహా మొత్తం కప్పేశాను. ఆరింది. ఇప్పుడు కుండ ఎలా వస్తుంది బయటికి? రాదు. సుత్తితో కొట్టి లోపలే పగలగొట్టాను. ఆ గుమ్మడికాయ ఇదే. ఊపితే చూడండి, గిలకలాగ పెంకులు మోగుతున్నాయి.

కాశ్మీరువాళ్లు ఏం చేస్తారు? అక్కడ ఈ పని ఇద్దరు చేస్తారు. రూపం చేసేది ఒకరు, ఆ పని సఖ్తసాజీ. రంగులు వేసేది ఇంకొకరు, అది నక్కాషీ. కాగితాన్ని రోజుల తరబడి నానబెట్టి, రాతి రోట్లో దంచి, బియ్యం గంజితో కలిపి అచ్చు మీద పట్టిస్తారు. ఆరాక ఏం చేస్తారు? రంపంతో రెండు ముక్కలుగా కోసి, అచ్చు తీసేసి, మళ్లీ అతికిస్తారు. ఇది చదివినప్పుడు నా తల నేనే మొట్టుకున్నాను. బొమ్మని కొయ్యడం అంటే పాడైందని కోస్తాం అనుకునేదాన్ని. బాగున్న బొమ్మని కూడా కొయ్యొచ్చా! ఇప్పుడు కుండకి ముందు నూనె పూస్తాను, ఆరాక చుట్టూ గాటు పెట్టి రెండు డిప్పలుగా తీస్తాను. అదే కుండతో పదిహేను తలలు చేశాను.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర ఒకసారి కూర్చున్నాను. ఒక్క పనస దుంగని తొలిచి చేస్తారు. ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే చెక్కని మళ్లీ అతికించలేరు. ఆయన చెయ్యి చూస్తే నాకే టెన్షన్ వచ్చింది. మనకి ఆ భయం లేదు. చెడిపోయిన బొమ్మని ముక్కలు చేసి బకెట్లో పడేస్తే రెండు రోజుల్లో మళ్లీ గుజ్జు. కాని ఇది లైతో చేసినవాటికే. ఫెవికాల్ దండిగా పోసి చేశారా, అది అంత సులువుగా కరగదు. నేర్చుకునేటప్పుడు లై వాడండి. కోసి చూసుకోవచ్చు, నానబెట్టుకోవచ్చు.

సరే, పులి. బాబూ, నువ్వు రా, గట్టిగా పట్టుకో. వేళ్లు దూరంగా పెట్టు. మీ అమ్మగారు నన్నే చూస్తున్నారు.

ఇది పేపరు ముక్కలతో, పొరలు పొరలుగా చేసింది. ఒక పొర తెలుగు పేపరు, దాని మీద ఇంగ్లీషు పేపరు, మళ్లీ తెలుగు. అలా వేస్తే ఎక్కడ పొర వేశామో, ఎక్కడ వదిలేశామో తెలిసిపోతుంది. కత్తెరతో కొయ్యకుండా చేత్తో చింపాలి. చింపిన అంచు పల్చబడి కింది పొరలో కలిసిపోతుంది.

అయిపోయింది. ముందు చెవి చూద్దాం, నా అంచనా కదా. ముద్ద మందంగానే ఉంది, కాని శుభ్రంగా ఆరింది. బూజు లేదు, పగులు లేదు. నా అంచనా తప్పు. ఇప్పుడు చెంప. కోసిన అంచు దగ్గరకొచ్చి చూడండి. తెలుగు, ఇంగ్లీషు, తెలుగు, ఇంగ్లీషు. ఆ తర్వాత ఇదేమిటి? మెరుస్తోంది. దేవుడి బొమ్మ అంచు కనిపిస్తోంది. క్యాలెండరు. నున్నటి క్యాలెండరు కాగితం లైని పీల్చుకోదు. దాని మీద వేసిన పొరలు దానికి అంటుకోలేదు, ఉల్లిపొరలాగ విడిపోయి పొంగాయి. పొంగిన చోట పగిలింది. ఇదిగో, గోరుతో లాగితే మొత్తం ఎలా లేచి వచ్చేస్తోందో చూడండి.

ఎండ కాదు, మందం కాదు, ఎవరూ పడేయలేదు కూడా. మా ఇంట్లో వాళ్లకి ఈ మాట చెప్పాలి.

నేనెప్పుడు వేశాను క్యాలెండరు? నోటుబుక్కు ఇలా ఇవ్వమ్మా. పులి... పులి... ఇదిగో. మొదటి రోజు, నాలుగు పొరలు. రెండో రోజు, ఖాళీ. ఏమీ రాయలేదు నేను. ఆ రోజు పేపర్లు అయిపోయి ఉంటాయి, గోడ మీద చేతికందింది చింపి ఉంటాను. పెన్ను ఎవరి దగ్గరుంది? ఇప్పుడైనా రాస్తాను.

మీరు ఈలోగా బకెట్ల దగ్గరకి పదండి. ఉంగరాలు, గాజులు తీసి సంచుల్లో పెట్టుకోండి, గుజ్జులో పోతే దొరకవు.